స్టెప్నీ లేకుండా కొన్న కారుకు స్టెప్నీ అమర్చుకోవడం

డిక్కీలో కింది అట్ట ఎత్తి చూస్తే చక్రం ఉండాల్సిన గుంతలో నల్లటి థర్మోకోల్ ట్రే ఉంటుంది. అందులో చిన్న గాలి పంపు, ఒక సీసాలో జిగురు ద్రవం. ఈ మధ్య వస్తున్న చాలా కార్లలో, ముఖ్యంగా కరెంటు బండ్లలో, స్టెప్నీ బదులు కంపెనీ ఇచ్చేది ఇదే. చట్టం కూడా ఒప్పుకుంటుంది. 2020 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లు, 3.5 టన్నులు మించని కార్లలో టైరు గాలి చూపించే టీపీఎంఎస్, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. బరువు తగ్గుతుంది, బ్యాటరీకి చోటు దొరుకుతుంది, కంపెనీకి ఖర్చూ మిగులుతుంది.

ఆ ద్రవం పనిచేసేది టైరు నేలను తాకే భాగంలో పడిన సుమారు 6 మి.మీ. లోపు రంధ్రానికే. మేకు, తుమ్మ ముల్లు, స్క్రూ అయితే సరే. పక్కగోడ చిరిగినా, గుంతలో పడి రిమ్ము వంగినా, గాలి దిగిన టైరు మీదనే కొంత దూరం నడిపి లోపల నలిగిపోయినా సీసా మొత్తం పోసి లాభం లేదు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ లారీల నుంచి రాలిన ముక్కలు, భూపాలపల్లి, మంథని, గోదావరిఖని దారుల్లో బొగ్గు లారీల కింద విరిగిన రోడ్డు అంచులు టైరుకు చేసేది ఇట్లాంటి దెబ్బే. 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాటి పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు అడవిలోకి పోతే సిగ్నల్ దొరకని చోట్లుంటాయి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఎంత మంచిదైనా ముందు ఫోన్ కలవాలి కదా. మేడారం జాతర రోజుల్లో ఆ దారంతా జనమే. మామూలు రోజు రాత్రి బండి ఆగితే పరిస్థితి వేరు.

హన్మకొండ, కాజీపేట, వరంగల్ మధ్యే తిరిగే బండికి మాత్రం స్టెప్నీ కోసం డిక్కీ పోగొట్టుకోవడం దండగ. రంధ్రంలో రబ్బరు పట్టీ దూర్చే ప్లగ్ కిట్ ఒకటి, గాలి పంపు చాలు.

దుకాణానికి పోకముందు

మీ మోడల్‌నే స్టెప్నీతో అమ్మే వేరియంట్ ఇంకొకటి ఉందా చూడండి. పెట్రోల్ బండికి స్టెప్నీ ఇచ్చి, అదే బాడీ కరెంటు బండికి కిట్ ఇవ్వడం మామూలే. పై వేరియంట్‌కు ఇవ్వనిది కింది వేరియంట్‌కు ఇవ్వడమూ ఉంది. అట్లా ఉంటే సగం పని అయిపోయినట్టే. షోరూం స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో ఆ వేరియంట్ స్టీల్ రిమ్ము, దాన్ని గుంతలో బిగించే పొడుగు బోల్టు, జాకీ, వీల్ పానా, ముందు బంపర్‌లో తిప్పి బిగించే టోయింగ్ హుక్ ఒక్కొక్కటే పార్ట్ నంబరు ప్రకారం ఆర్డర్ పెట్టొచ్చు. పేరు చెప్పి అడిగితే "స్టాక్ లేదు" అంటారు, పార్ట్ నంబరు చెప్తే కంప్యూటర్‌లో వెతుకుతారు.

బయట కొనేవాళ్లకు చవకైన దారి టైర్ల దుకాణాల్లో ఉంటుంది. కొత్త కారు కొన్న కొన్నాళ్లకే స్టీల్ రిమ్ములు ఇచ్చేసి అలాయ్ వేయించుకునేవాళ్లు చాలామంది. ఆ విప్పిన డిస్కులు దుకాణం వెనక పేర్చి ఉంటాయి. "అన్నా, ఫోర్ ఇంటూ హండ్రెడ్ పీసీడీ, పదిహేను ఇంచుల ఐరన్ డిస్కు ఒక్కటి కావాలె" అంటే వాళ్లకు అర్థమైపోతుంది. పీసీడీ అంటే నట్ల లెక్క, వివరం కింద ఉంది. అయితే కారు పేరు ఒక్కటే చెప్పి కొనొద్దు. ఒకే పేరు మీద తరం మారినప్పుడు నట్ల లెక్క కూడా మారిపోయిన కార్లున్నాయి.

డిస్కును ఖాళీ బకెట్ మీద పెట్టి, అంచుకు దగ్గరగా ఒక స్కేలు నిలబెట్టి, డిస్కును మెల్లగా తిప్పండి. అంచు, స్కేలు మధ్య సందు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ కనిపిస్తే వంకర ఉన్నట్టు. సుత్తితో కొట్టి వంకర తీసిన డిస్కు మీద పెయింటు కొత్తగా మెరుస్తుంటుంది. మిగతా మూడింటికి లేని మెరుపు ఒక్కదానికే ఉంటే అనుమానించాలి.

రిమ్ము సరిపోతుందా

మొదటిది పీసీడీ. నట్లు ఎన్ని, అవి ఏర్పరిచే వలయం వ్యాసం ఎంత అన్నదే పీసీడీ. స్విఫ్ట్, బాలెనో, ఐ20లకు 4×100, క్రెటా, బ్రెజాలకు 5×114.3, వర్టస్, టైగున్‌లకు 5×100. నాలుగు నట్లయితే ఎదురెదురు స్టడ్ల (నట్లు ఎక్కే మర కడ్డీల) మధ్య దూరమే పీసీడీ. కొలిచేటప్పుడు టేపును ఒక స్టడ్ ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు వరకు పట్టండి, మధ్యబిందువు వెతికే తిప్పలుండదు. ఐదు నట్లకు ఎదురెదురు స్టడ్లు ఉండవు కాబట్టి పక్కపక్క రెండింటి దూరం కొలిచి 1.7తో గుణించాలి. 67 మి.మీ. వస్తే 114.3, 59 మి.మీ. దగ్గర వస్తే 100. 5×100కు, 5×114.3కు తేడా పెద్దదే, కంటికే తెలుస్తుంది. మోసం చేసేది ఒకటి రెండు మి.మీ. తేడా ఉన్న కొలతలు. నట్టు బలవంతంగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది, నడుస్తుంటే వదులవుతుంది. రెండు మూడు చుట్లు వేళ్లతో తిరగని నట్టును పానాతో తిప్పొద్దు.

రెండోది మధ్య రంధ్రం. బండి వైపు చక్రం కూర్చునే గుండ్రటి భాగం హబ్, దాని మొన ఈ రంధ్రంలో దూరుతుంది. మారుతి 4×100 హబ్ 54.1 మి.మీ., హోండా సిటీది 56.1. కాబట్టి మారుతి డిస్కు హోండా హబ్ మీద కూర్చోదు, రెండు మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. హోండా డిస్కు మారుతి మీద కూర్చుంటుంది గానీ దాన్ని మధ్యకు తెచ్చే భారం నట్ల మీదే పడుతుంది. చక్రం గాలిలో ఉండగానే నట్లు ఎదురెదురుగా వంతులవారీగా బిగిస్తే స్టెప్నీ వాడకానికి అది పర్వాలేదు. రంధ్రం చిన్నదైతే లేత్ మీద పెద్దది చేయిద్దామని కొందరంటారు. ఇంకో డిస్కు వెతుక్కోవడం మేలు.

తర్వాతది ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం దాకా ఉన్న దూరం. డిస్కు మీద ఈటీ 45, ఈటీ 38 అని గుద్ది ఉంటుంది. అంకె తగ్గిన కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది, 45 ఉన్నచోట 38 పెడితే 7 మి.మీ. బయటికి. అంత తేడా ఉంటే స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరు ఎక్కడైనా రాస్తుందేమో చూడాలి. అంకె పెరిగితే చక్రం లోపలికి పోయి సస్పెన్షన్‌కు దగ్గరవుతుంది, అది కంటికి కనబడదు కాబట్టి వేలు దూర్చి చూడాలి.

అందరూ మరిచిపోయేది బ్రేకు. పదహారు, పదిహేడు ఇంచుల అలాయ్ ఉన్న కారుకు ఒక ఇంచు చిన్న స్టీల్ డిస్కు పెట్టుకోవడం మంచి ఆలోచనే, కంపెనీలు కూడా అదే చేస్తాయి. కానీ ముందు చక్రం బ్రేకు కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కి పట్టే భాగం) పెద్దది. వెనక హాయిగా ఎక్కిన డిస్కు ముందు కాలిపర్‌కు తగులుకుంటుంది. అందుకే టైరు ఎక్కించక ముందే, ఉత్త డిస్కును ముందు హబ్ మీద పెట్టి, రెండు నట్లు బిగించి చేత్తో తిప్పి చూడాలి. కాలిపర్‌కు, రిమ్ముకు మధ్య 3 మి.మీ. ఖాళీ అయినా ఉండాలి. టైరు ఎక్కించిన తర్వాత తెలిస్తే దుకాణం వాడు డిస్కు వెనక్కి తీసుకోడు.

నట్ల మాట కూడా ఇక్కడే. స్టీల్ డిస్కు రంధ్రం అంచు ఎక్కువగా కోన్ ఆకారంలో ఉంటుంది, నట్టు కొన కూడా అట్లనే ఉండాలి. హోండా కంపెనీ నట్లకు కొన గుండ్రం. గుండ్రం నట్టును కోన్‌లో బిగిస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది, నడిచే కొద్దీ వదులవుతుంది. మర కూడా చూసుకోవాలి. మారుతికి ఎం12×1.25, హ్యుందాయ్, హోండా, టొయోటాలకు ఎం12×1.5. కొన్న నట్లు వేరే మరవైతే స్టడ్ మర తినేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో నట్లకు బదులు బోల్టులుంటాయి. అలాయ్ మందం, స్టీల్ మందం ఒకటి కాదు కాబట్టి అలాయ్ బోల్టు స్టీల్ డిస్కుకు వేస్తే వెనక ఎంత పొడుచుకొస్తుందో చూడాలి. చక్రం చేత్తో తిప్పినప్పుడు టక్ టక్ మంటే బోల్టు లోపల తగులుతున్నట్టే. అప్పుడు పొట్టి బోల్టుల సెట్టు వేరే కొని స్టెప్నీతో పాటే ఉంచాలి.

టైరు సైజు లెక్క

స్టెప్నీ వెడల్పు తేడా ఉన్నా నడుస్తుంది, మొత్తం ఎత్తు మాత్రం కలవాలి. 195/55 ఆర్16 టైరుకు లెక్క ఇట్లా: 195లో 55 శాతం 107.25, రెండు వైపులా కలిపి 214.5. పదహారు ఇంచులు 406.4 మి.మీ. మొత్తం 620.9. అదే 185/65 ఆర్15 అయితే 240.5కు 381 కలిపి 621.5. అర మి.మీ. తేడా, ఇంతకన్నా మంచి జోడీ దొరకదు. 215/60 ఆర్17 ఎత్తు 689.8, దానికి 205/65 ఆర్16 పెడితే 672.9. పదిహేడు మి.మీ. తక్కువ, అంటే రెండున్నర శాతం. మూడు శాతం లోపు తేడా స్టెప్నీకి ఫర్వాలేదు.

తేడా ఉన్న చక్రాన్ని ఇంజను తిప్పని వైపు పెట్టాలి. ముందు చక్రాలు లాగే కారులో చిన్న చక్రం ముందుంటే అది రెండోదానికన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ పళ్లు తిన్నటి రోడ్డు మీద కూడా ఆగకుండా తిరిగి వేడెక్కుతాయి. కాబట్టి ముందు టైరు పోతే వెనక మంచి చక్రాన్ని ముందుకు తెచ్చి, స్టెప్నీని వెనక పెట్టుకోవాలి. రెండుసార్లు జాకీ వేయాల్సి వస్తుంది, విసుగే, కానీ గేర్‌బాక్సు కన్నా చవక. వెనక మోటారు ఉన్న కరెంటు బండికి ఇది తలకిందులు: స్టెప్నీ ముందు పెట్టాలి. నాలుగు చక్రాలూ లాగే బండికి అచ్చం అదే సైజు తప్ప ఇంకేదీ వద్దు.

గుంత లోతు లేని బండ్లకు సన్నటి స్పేస్ సేవర్ చక్రం ఒక దారి. పడుకోబెడితే మామూలు 185 టైరు దాదాపు 19 సెం.మీ. మందం ఉంటుంది, 125 వెడల్పుది 13 సెం.మీ. దానికి గాలి 60 పీఎస్ఐ కావాలి, వేగం 80 దాటొద్దు. మామూలు టైర్ల దుకాణంలో అది అడగ్గానే దొరకదు, కంపెనీ కౌంటర్‌లో తెప్పించుకోవాల్సిందే. గుంత పడితే మామూలు టైరే నయం.

పాత టైరు వేసుకోవచ్చా అంటే వేసుకోవచ్చు. నాలుగు టైర్లు మార్చే రోజున వాటిలో మంచిదాన్ని దాచుకోవడం తెలివైన పని. గాడి లోతు చట్టం ప్రకారం కనీసం 1.6 మి.మీ., స్టెప్నీకి 3 మి.మీ. అయినా ఉంచుకోండి. పక్కగోడ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. ఆరేళ్లు దాటినదాన్ని డబ్బు పెట్టి కొనొద్దు. రామగుండం ఎండలు మన టైర్ల మీద ఎట్లా పనిచేస్తాయో తెలిసిందే, వాడకుండా ఉన్న రబ్బరు కూడా గట్టిపడి పగుళ్లిస్తుంది.

డిక్కీలో ఎక్కడ, ఎట్లా

గుంతను అడుగున ఒకసారి, పైన ఒకసారి అడ్డంగా కొలవండి, తర్వాత పై అట్ట వరకు లోతు. థర్మోకోల్ ట్రే తీస్తే చాలా బండ్లలో నిజమైన గుంత బయటపడుతుంది, మధ్యలో మర ఉన్న రంధ్రం కూడా ఉంటుంది. చక్రాన్ని బయటి ముఖం కిందికి పెడితే డిస్కు నేలకు దగ్గరై బోల్టు పొట్టిదే సరిపోతుంది, లోపలి గిన్నెలో జాకీ, పానా ఇముడుతాయి. బయటి ముఖం పైకి పెడితే పొడుగు బోల్టు కావాలి. బోల్టు కొనేముందు ఎట్లా పెడతారో తేల్చుకోండి. కొన్ని కరెంటు, హైబ్రిడ్ బండ్లలో ట్రే కింద వైర్లు, కంట్రోల్ పెట్టెలు ఉంటాయి. అక్కడ చక్రం పెట్టొద్దు.

గుంతే లేకపోతే డిక్కీ నేల మీద పడుకోబెట్టి రాట్చెట్ బెల్టుతో కట్టాలి. బెల్టు టైరు మీదుగా వేస్తే రబ్బరు నలిగి నాలుగు గుంతలు దాటగానే వదులవుతుంది. డిస్కు సందుల్లోంచి దూర్చి, బాడీ లోహానికి బిగించిన హుక్కులకు కట్టండి. కూరగాయల సంచులు తగిలించే ప్లాస్టిక్ హుక్కులు దేనికీ పనికిరావు. పదహారు ఇంచుల స్టీల్ చక్రం టైరుతో కలిపి 18 కిలోల దాకా ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఇరవై రెట్ల దెబ్బ లెక్కేసినా అది 360 కిలోల బరువై వెనక సీటు మీదికి వస్తుంది. ఆ సీట్లో పిల్లలుంటారు.

నేలకు రంధ్రం చేసి బోల్టు వేయిస్తామంటే ఒప్పుకోవద్దు. కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు, కరెంటు బండిలో నారింజ రంగు హై వోల్టేజ్ కేబుల్ ఉండొచ్చు. ఏదీ లేకున్నా మొదటి వానాకాలానికే ఆ రంధ్రం తుప్పు పడుతుంది. బండి కింద వేలాడదీసే వెల్డింగ్ ఫ్రేములూ అంతే.

ఇంకో లెక్క: గుంతలో చిన్న స్టెప్నీ పడుతుంది గానీ విప్పిన పదిహేడు ఇంచుల చక్రం అందులో పట్టకపోవచ్చు. బురద చక్రం సామాన్ల మీదికో, వెనక సీట్లోకో వస్తుంది. ఒక పెద్ద గోనె సంచి, తాడు స్టెప్నీ కింద మడిచి పెట్టుకోండి.

జాకీ, పానా, చెక్క

కిట్ ఇచ్చిన బండికి మామూలుగా జాకీ, పానా రావు, లేనివి కొనాలి. ఒకటిన్నర లేక రెండు టన్నుల కత్తెర జాకీ చాలు. మడిచినప్పుడు దాని ఎత్తు, టైరు పూర్తిగా గాలి దిగినప్పుడు బండి అంచు కింద పట్టేంత ఉండాలి, నిలబడ్డ బండికి కొలిచి తెచ్చుకుంటే పంక్చర్ రోజు అది దూరదు. అంచు కింద రెండు గాట్ల మధ్యనే జాకీ పెట్టాలి. ఆ అంచు వంగకుండా మధ్యలో గాడి ఉన్న రబ్బరు ముక్క దొరుకుతుంది, కొనండి. కరెంటు బండిలో గుర్తు పెట్టిన చోటు తప్పితే జాకీ నేరుగా బ్యాటరీ డబ్బాను నొక్కుతుంది, అది చిన్న ఖర్చు కాదు.

పానా సైజు మారుతి, హోండాలకు 19, హ్యుందాయ్, టొయోటాలకు 21, ఫోక్స్‌వ్యాగన్‌కు 17. ప్లస్ పానా గానీ, పొడుగయ్యే పిడి ఉన్నది గానీ తీసుకోండి. నల్లరేగడి అంచున వానాకాలంలో జాకీ పైకి లేవకుండా భూమిలోకి దిగుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండు సెం.మీ. మందం చెక్క ఒకటి, ముందు వెనక పెట్టే రెండు రాళ్ల లాంటి చెక్క ముక్కలు, తలకు కట్టుకునే లైటు, చేతి తొడుగులు కూడా ఆ గుంతలోనే ఉండాలి.

ఇంట్లో ఒకసారి ఎక్కించి చూడాలి

ఇది చేయనిదే పని పూర్తయినట్టు కాదు. చదును నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదురు మూల చక్రానికి చెక్కలు పెట్టి, చక్రం నేల మీదుండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. ఇక్కడే చాలామందికి మొదటి దెబ్బ. టైర్ల దుకాణంలో గాలి గన్నుతో బిగించిన నట్టు చేతి పానాకు లొంగదు. మళ్లీ దుకాణానికి పోయి విప్పించి, చేత్తో బిగించమని అడగండి. బిగింపు మాన్యువల్‌లో ఉంటుంది, చాలా కార్లకు 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య. టార్క్ పానా లేకపోతే ఒక అంచనా: పావు మీటరు పిడి చివర 40 కిలోల బలం వేస్తే సుమారు 100. పానా మీద ఎక్కి నిలబడి తొక్కితే అది దాటిపోయినట్టే.

తర్వాత జాకీతో ఎత్తి, విప్పిన చక్రాన్ని బండి అంచు కిందికి పడుకోబెట్టి తోయండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. అలాయ్ హబ్‌కు తుప్పుతో అతుక్కుని ఊడకపోతే బండి కింద కూర్చుని లాగొద్దు. నట్లు ఒక చుట్టు వదులుగా ఉంచి, బండి కిందికి దించి, పక్క నుంచి ఊపితే ఊడొస్తుంది. మళ్లీ పట్టకుండా హబ్ అంచుకు పలచగా కాపర్ గ్రీజు రాయండి, స్టడ్ మరకు మాత్రం అంటనీయొద్దు.

స్టెప్నీ ఎక్కించి, నట్లు చేత్తో తిప్పి, ఎదురెదురుగా బిగించి, కిందికి దించి చివరి బిగింపు ఇవ్వండి. ముందు చక్రం వైపు, వెనక చక్రం వైపు రెండుచోట్లా ఎక్కించి వీధి చివరి దాకా నడపండి. మీటర్ల దగ్గర టీపీఎంఎస్ దీపం వెలుగుతుంది, కొన్నింటిలో ఆ చక్రం అంకె మాయమవుతుంది. స్టెప్నీలో సెన్సర్ లేదు కాబట్టి అది వస్తుంది, బండి పాడవలేదు. నిజంగా వాడిన రోజున 50 కిలోమీటర్ల తర్వాత నట్లు ఇంకోసారి చూడాలి.

గాలి విషయానికొస్తే, తలుపు స్తంభం మీద నిండు లోడ్‌కు రాసిన అంకె కన్నా రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ పెట్టుకోండి, వాడేటప్పుడు తగ్గించుకోవచ్చు. కూర్చున్న చక్రం కూడా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ వదులుతుంది. మిగతా నాలుగింటికి గాలి కొట్టించినప్పుడు ఐదోదాన్ని అడగడం మరిచిపోతారు, ఎందుకంటే డిక్కీ ఖాళీ చేయాలి. అందుకే కంపెనీ ఇచ్చిన పంపును పారేయొద్దు, ఇంటి దగ్గరే స్టెప్నీకి గాలి పెట్టుకోవచ్చు. జిగురు సీసా మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటేదాకా ఉంచుకోండి. ఒకసారి తెరిస్తే మళ్లీ పనికిరాదు. అది పోసిన టైరును దుకాణంలో ఇచ్చేటప్పుడు లోపల జిగురు ఉందని ముందే చెప్పండి, కడిగితే గానీ ప్యాచ్ అంటదు.